కల్నల్ ఎదురుచూసిన ఆ గంట

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట అడిగాను, పెద్ద నవలల్లో పక్కన నిలబడిపోయిన చిన్న పాత్రల్లో మీకెవరంటే ఇష్టం అని. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ చుట్టూనే తిరిగాయి. అందులో కొందరు ఆ పాత్రలతో టైమ్ ట్రావెల్ ప్రేమకథలు రాస్తున్నామని, సందేహాలున్నాయని రాశారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రం వేస్తున్నాను.

ప్రశ్న: ఇప్పటి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఒక తెలుగమ్మాయి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కాలానికి వెళ్లి, అందరూ ఇష్టపడే హీరో డార్సీని కాకుండా అతని కజిన్ కల్నల్ ఫిట్జ్‌విలియంని ప్రేమిస్తుంది. ఇదీ నా సీరియల్. ఆరు భాగాలయ్యాయి. మా అక్క చదివి, “అసలు ఆ కల్నల్ ఎవరే, నాకు గుర్తే లేడు, అంత చిన్న పాత్రని హీరోని చేస్తే ఎవరు చదువుతారు?” అంది. అప్పటి నుంచి చెయ్యి ఆడట్లేదు. అతనిలో కథకి సరిపడా సరుకు ఉందా? (విజయవాడ)

జవాబు: ఉందమ్మా, కావాల్సినంత ఉంది. మీ అక్కగారికి గుర్తులేకపోవడంలో ఆశ్చర్యం లేదు, డిగ్రీలో మొదటిసారి చదివినప్పుడు నాకూ గుర్తులేడు. అప్పుడు మనందరి కళ్లూ డార్సీ మీదే ఉంటాయి.

నవల అతని గురించి ఏం చెప్పిందో ముందు చూద్దాం. వయసు ముప్పై దగ్గర. అందగాడు కాదు. కానీ మాటతీరు, మర్యాద చూస్తే అచ్చమైన పెద్దమనిషి. ఎర్ల్ గారి చిన్నకొడుకు, అంటే పేరు పెద్దది, ఆస్తి మాత్రం అన్నగారికే. ఈస్టర్‌కి డార్సీతో కలిసి కెంట్‌లో ఉన్న రోజింగ్స్‌కి, తన మేనత్త లేడీ కేథరిన్ ఇంటికి వస్తాడు. అక్కడ నవల హీరోయిన్ ఎలిజబెత్‌తో పుస్తకాలు, ప్రయాణాలు, సంగీతం గురించి హాయిగా కబుర్లు చెబుతాడు. డార్సీ మూగవాడిలా కూర్చున్న గదిలో మాట్లాడేది ఇతనే. ఒకరోజు తోటలో నడుస్తూ, చిన్నకొడుకులకి ఇష్టమైన చోట పెళ్లి చేసుకునే వీలుండదని తన సంగతి తనే బయటపెట్టుకుంటాడు. ఇది నాకే చెబుతున్నాడా అని ఎలిజబెత్ ముఖం ఎర్రబడుతుంది, వెంటనే సర్దుకుని, ఎర్ల్ గారి చిన్నకొడుకు ధర ఎంతుంటుందేమిటి, యాభై వేల పౌన్లు దాటదుగా అని ఆట పట్టిస్తుంది. అతనూ అదే ధోరణిలో జవాబిస్తాడు, మాట అక్కడితో ఆగిపోతుంది. అదే నడకలో, తెలియకుండానే, డార్సీ తన స్నేహితుడిని ఒక పెళ్లి నుంచి తప్పించాడన్న సంగతి చెప్పేస్తాడు. ఆ పెళ్లికూతురు ఎలిజబెత్ సొంత అక్క అని పాపం అతనికి తెలియదు. ఆ సాయంత్రమే డార్సీ వచ్చి పెళ్లి చేసుకోమని అడగడం, ఆమె అంత కోపంగా కాదనడం. కథ మలుపు తిరిగింది ఇతని నోటి మాట మీదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మర్నాడు పొద్దున డార్సీ ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోతాడు. ఎలిజబెత్ అది చదువుకుంటూ రెండు గంటలు దారుల వెంట తిరుగుతుంది. ఇంటికొచ్చాక తెలుస్తుంది, రోజింగ్స్ నుంచి ఇద్దరూ సెలవు తీసుకోవడానికి వచ్చి వెళ్లారని. డార్సీ కొద్ది నిమిషాలే ఉన్నాడు. కల్నల్ మాత్రం కనీసం ఒక గంట కూర్చున్నాడట, ఆమె వస్తుందేమోనని. ఆమెని వెతుక్కుంటూ వెళ్లాలని కూడా దాదాపు నిర్ణయించుకున్నాడట. ఎలిజబెత్ అయ్యో అని పైకి అంటుంది గానీ లోపల హమ్మయ్య అనుకుంటుంది. ఆమె ధ్యాసంతా ఉత్తరం మీదే. రచయిత్రి కూడా ఆ తర్వాత కల్నల్‌ని మన ముందుకి తీసుకురాదు.

ఆ గంట నవలలో రెండు వాక్యాలే. ఆ గంటసేపు అతను ఏం ఆలోచించాడు? టోపీ చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు కిటికీ వైపు చూశాడు? మేనత్తగారింట్లో ఉన్న కాసిని రోజులూ నవ్వుతూ తిరిగినవాడు, డబ్బు లేని అమ్మాయిని చేసుకోలేనని తనే చెప్పినవాడు, మరి ఎందుకు కూర్చున్నాడు? మీ అమ్మాయిని ఆ గదిలోకి పంపండి. ఎవరో వస్తారని ఎదురుచూస్తున్న మనిషి ముందుకి, అతను ఎదురుచూడని మనిషి వస్తుంది. ఆరు భాగాలు రాశారు కదా, ఈ గంట వాటిలో లేకపోతే వెనక్కి వెళ్లి రాయండి. నా మాట విని దీనికి ఒక భాగమంతా ఇవ్వండి, తొందరపడొద్దు.

ప్రశ్న: మహానుభావులు రాసిన పుస్తకాల్లో వేలుపెట్టి, ఉన్న పాత్రల్ని మార్చి, కాలంలో వెనక్కీ ముందుకీ తిప్పి రాయడం నాకు నచ్చదండి. ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్. మన సంప్రదాయంలో ఇలాంటివి ఉన్నాయా? (రాజమండ్రి)

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతుంది. ఇష్టమైన పుస్తకం మీద ఎవరో చెయ్యి వేస్తే నాకూ మనసు చివుక్కుమంటుంది. కానీ మన దగ్గర లేదనడం మాత్రం సరికాదు. ‘మాయాబజార్’లో శశిరేఖ తల్లి రేవతి మీకు తెలుసుగా. ఆ రేవతి ఏ కాలపు పిల్లో గుర్తు చేసుకోండి. భాగవతం తొమ్మిదో స్కంధంలో ఉంది. వాళ్ల నాన్న కకుద్మి, కూతురికి తగిన వరుణ్ణి చెప్పమని అడగడానికి ఆమెని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వగానం జరుగుతోంది. పాట అయ్యేదాకా ఆగి, తర్వాత తన మనసులో ఉన్న పేర్లు చెబుతాడు. బ్రహ్మ నవ్వుతాడు. నువ్వు చెప్పినవాళ్లే కాదు, వాళ్ల మనవలూ మునిమనవలూ లేరు, భూమ్మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి, వెళ్లి బలరాముడికివ్వు అంటాడు. అలా రేవతి ఎన్నో యుగాల తర్వాతి మనిషిని పెళ్లాడింది. పాత కాలపు మనిషి కాబట్టి ఆమె బాగా పొడుగని, బలరాముడు నాగలి కొనతో ఆమెని తన కాలానికి తగిన ఎత్తుకి దించాడని విష్ణుపురాణం చెబుతుంది. టైమ్ ట్రావెల్ ప్రేమకథ అంటే ఇంతకంటే ఏం కావాలి? అయినా రేవతి మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. తనకి తెలిసిన వాళ్లందరూ ఒక్క పాట అయ్యేలోపు లేకుండా పోయారని విన్న ఆ పిల్ల నాన్న పక్కన నిలబడి ఏమనుకుందో నాకు ఎప్పటి నుంచో తెలుసుకోవాలని ఉంది.

ఇంకొకటి ఊర్మిళాదేవి నిద్ర. మా అమ్మమ్మ పాడేది, మీ ఇళ్లలోనూ పాడి ఉంటారు. వాల్మీకి ఊర్మిళకి ఇచ్చిన చోటు ఎంతో మనకి తెలుసు. మన ఆడవాళ్లు ఊరుకోలేదు, ఆమెకి పద్నాలుగేళ్ల నిద్ర ఇచ్చారు, ఆ నిద్రకొక పాట ఇచ్చారు. లక్ష్మణుడు తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుంటే ఊర్మిళ అతన్ని గుర్తుపట్టదు. ఎవరో పరాయి మగవాడనుకుని భయపడి, మా వాళ్లకి తెలిస్తే బతకనివ్వరు సుమా అని హెచ్చరిస్తుంది. కళ్లు మూసి తెరిచేలోపు పద్నాలుగేళ్లు దాటి వచ్చిన మనిషి ఆమె. భర్త మొహంలో కాలం తెచ్చిన మార్పు ఆమె నిద్రలో చూడలేదు. ఈ పాట కట్టినవాళ్లు రామాయణాన్ని పాడుచేశారని ఎవరమైనా అంటామా?

ఇంగ్లీషులోనూ ఈ దారి కొత్తది కాదు. ‘జేన్ ఐర్’లో మేడమీద బంధించి ఉంచిన మొదటి భార్యని తీసుకుని జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసింది. అది చదివాక ‘జేన్ ఐర్’ తెరిస్తే మేడమీది నవ్వు ఇంతకుముందులా వినిపించదు. మూల పుస్తకానికి దానివల్ల తరుగేం రాలేదు.

ప్రశ్న: టైమ్ మెషీన్ పెట్టాలా, కల అని చెప్పాలా, పాత అద్దమో గడియారమో పెట్టాలా? సైన్స్ తెలియదు, టెన్షన్‌గా ఉంది. (వరంగల్)

జవాబు: ఏది పెట్టినా ఫర్వాలేదు, కల ఒక్కటి వద్దు. చివర్లో మెలకువొచ్చింది అని రాస్తే అప్పటిదాకా ఏడ్చిన పాఠకురాలికి అన్యాయం చేసినట్టే. మిగతా వాటిలో పద్ధతి ఒకటి పెట్టుకుని దాన్ని మీరే తప్పకుండా ఉంటే చాలు, సైన్స్ అక్కర్లేదు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడుతున్నారు. మీ హీరోయిన్ వెళ్లేది పాత ఇంగ్లండ్‌లోకా, నవలలోకా? రెండూ ఒకటి కాదు. కెంట్, హెర్ట్‌ఫర్డ్‌షైర్ మ్యాపులో ఉన్నాయి, లాంగ్‌బోర్న్, రోజింగ్స్, పెంబర్లీ లేవు. 1812లోకి వెళ్లిన అమ్మాయికి కల్నల్ దొరకడు, నవలలోకి వెళ్లిన అమ్మాయికే దొరుకుతాడు. ఒకటి ఎంచుకోండి, లేదా రెండూ కలిసే కథైతే ఆ సంగతి మొదటి భాగంలోనే ఒప్పుకోండి.

నవలకి, నిజం క్యాలెండర్‌కి ముడిపెట్టే దారమైతే ఉంది. ఆస్టిన్ దీన్ని మొదట 1796-97లో ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’ అన్న పేరుతో రాసింది, తర్వాత చాలా దిద్ది 110 పౌన్లకి హక్కులు అమ్మేసింది, 1813 జనవరి 28న పుస్తకం వచ్చింది, మీద ఆమె పేరు కూడా లేదు. నెదర్‌ఫీల్డ్‌లో డాన్సు జరిగింది నవంబర్ 26, మంగళవారం అని నవల లెక్క. 1811లో నవంబర్ 26 మంగళవారమే. ఆ లెక్క పట్టుకుంటే కథ 1811-12లో నడిచినట్టు. 1812లో ఈస్టర్ మార్చి 29న వచ్చింది, అంటే మన కల్నల్ గంటసేపు కూర్చున్నది ఆ ఏప్రిల్‌లో. ఇది తెలియగానే నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అతను సైనికుడు. అదే ఏప్రిల్ 6 రాత్రి స్పెయిన్‌లో బదహోస్ కోట మీద బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యం దాడి చేసింది, వేలమంది పడిపోయారు. సిపాయిల సంగతి సిపాయిలకి తెలుస్తుంది, ఉత్తరాలు ఆలస్యంగా వస్తాయి, అతని స్నేహితులు అక్కడ ఉండి ఉండొచ్చు. ఇక్కడ మేనత్తగారు పియానో గురించి సలహాలిస్తుంటారు. మే 11న ఆ దేశపు ప్రధాని పెర్సివల్‌ని పార్లమెంటు లాబీలోనే కాల్చి చంపుతారు. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధం. ఇవన్నీ మీ హీరోయిన్‌కి ముందే తెలుసు. తెలిసి అతనితో నవ్వుతూ మాట్లాడాలి. నాకైతే ప్రేమకథలో కన్నీళ్లు అక్కడే ఉన్నాయనిపిస్తుంది.

ప్రశ్న: గుంటూరు అమ్మాయి ఆ కాలపు ఇంగ్లండ్‌లో దిగితే నిజంగా ఎలా ఉంటుంది? అందరూ గౌను తొడిగేసి డాన్సుకి పంపేస్తున్నారు, నాకది నమ్మబుద్ధి కావట్లేదు. (డాలస్)

జవాబు: మీకు నమ్మబుద్ధి కాకపోవడమే మంచి లక్షణం. ఆమె రంగు చూసి ఎవరూ ఏమీ అనుకోనట్టు రాస్తే కథ మొదటి పేజీలోనే అబద్ధమైపోతుంది. అలాగని మన దేశం మొహం వాళ్లకి పూర్తిగా కొత్త కూడా కాదు. ఈస్టిండియా కంపెనీ కుటుంబాలతో ఓడల్లో వచ్చిన ఆయాలు, నావికులు లండన్‌లో ఉండేవాళ్లు. 1810లో షేక్ దీన్ మొహమ్మద్ అనే మన దేశస్థుడు లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు, అంతకుముందే 1794లో ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. అయితే ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇవ్వడం వేరు, ఆయాగా చూడడం వేరు. లేడీ కేథరిన్ గదిలో ఆమెకి కుర్చీ వేస్తారా, నిలబడమంటారా? కల్నల్ ఆ క్షణంలో ఏం చేస్తాడన్నది మీ కథకి పెద్ద పరీక్ష, నా దృష్టిలో డాన్సు కంటే పెద్దది.

ఆస్టిన్ కుటుంబానికే మన తీరంతో బంధుత్వం ఉంది, వాడుకోండి. ఆమె మేనత్త ఫిలడెల్ఫియా కట్నం లేని పిల్ల. 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చింది, పెళ్లి సంబంధం కోసమే. మర్నాటి ఏడు కడలూరులో కంపెనీ డాక్టర్ని చేసుకుంది. వాళ్ల కూతురు ఎలైజా కలకత్తాలో పుట్టి, చివరికి జేన్ అన్న హెన్రీని పెళ్లాడింది. కట్నం లేక సముద్రాలు దాటిన ఆడపిల్ల కథ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మీ గుంటూరు అమ్మాయి అదే దారిలో ఎదురు వెళ్తుంది, అంతే తేడా.

ఇక ఒంటి సంగతి. దీన్ని ఎవరూ రాయట్లేదు, రాయండి. మీ అమ్మాయి పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునే పిల్లైతే, బ్యాగులో ఉన్న స్ట్రిప్ అయిపోయాక ఏమిటి? కళ్లద్దాలు విరిగితే? పన్ను నొప్పొస్తే మత్తు లేదు, ఈథర్ వాడకం 1846లో గానీ రాలేదు. అన్నిటికంటే మశూచి. ఆ జబ్బు అంతరించిందని 1980లో ప్రకటించారు, ఆ తర్వాత పుట్టిన మన పిల్లలకి దాని టీకా లేదు, చేతి మీద మచ్చ ఉంటే అది బీసీజీది. 1812లో మశూచి ఇంకా మనుషుల్ని చంపుతోంది. అదృష్టం కొద్దీ జెన్నర్ టీకా 1796 నుంచీ ఉంది. తెలివైన హీరోయిన్ చేయాల్సిన మొదటి పని గౌను కుట్టించుకోవడం కాదు, టీకా వేయించుకోవడం. ఆ ఊరి డాక్టర్ దగ్గరికి కల్నల్ తోడు వెళ్లాడనుకోండి, ఆమె భయపడకుండా చెయ్యి చాపితే అతను చూశాడనుకోండి. నాకు ఆ సీన్ ఇప్పుడే కళ్లకి కడుతోంది.

ప్రశ్న: వాళ్లిద్దరి మాటలు తెలుగులో రాస్తుంటే ‘మీరు’ అనాలా ‘నువ్వు’ అనాలా తేలడం లేదు. ఇంగ్లీషులో ఈ గొడవే లేదు కదా. (తిరుపతి)

జవాబు: చాలా మంచి ప్రశ్న, ఈసారి వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఇంగ్లీషులో రాసేవాళ్లకి లేని సౌకర్యం మనకి ఉంది, దాన్ని గొడవ అనుకోకండి. ఆ నవలలో మొగుడూ పెళ్లాలు కూడా ఒకరినొకరు మిస్టర్ బెన్నెట్, మిసెస్ బెన్నెట్ అనే పిలుచుకుంటారు. మన పాత ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు ఎత్తకుండా ఏవండీ అన్నట్టే. పెళ్లి కుదరని ఆడామగా ఉత్తరాలు రాసుకోవడం తప్పు, అందుకే డార్సీ ఉత్తరాన్ని పోస్టులో వేయకుండా తోటలో ఆమె చేతికే ఇచ్చి వెళ్లాడు. పోస్టులో వచ్చే ఉత్తరానికి ఆ రోజుల్లో అందుకున్నవాళ్లే డబ్బు కట్టాలి, 1840 దాకా అంతే, కాబట్టి ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది.

అందుకని మొదటి నుంచీ ఇద్దరూ మీరు అనుకోనివ్వండి. మీ అమ్మాయి ఈ కాలపు పిల్ల, ఆఫీసులో మేనేజర్‌ని కూడా పేరు పెట్టి పిలిచే అలవాటు, ఆమె నోట ముందు నువ్వు జారాలి. జారగానే నాలుక కరుచుకోవాలి. అతను విననట్టు ఊరుకుంటాడు, కానీ గుర్తుపెట్టుకుంటాడు. అతను మొదటిసారి నువ్వు అన్న చోటు కథ మొత్తంలో ఒక్కటే ఉండాలి. దాన్ని ఎక్కడ పెడతారో బాగా ఆలోచించి పెట్టండి. ఐ లవ్ యూ మాత్రం వద్దు, ఆ మనిషి నోటికి అది సరిపోదు.

ప్రశ్న: ఆస్టిన్ పాత్రల్ని వాడుకుంటే కాపీరైట్ కేసు అవుతుందా? (నెల్లూరు)

జవాబు: కాదు. ఆమె 1817 జులై 18న చనిపోయింది. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్, ఇంగ్లండ్‌లో 70, రెండూ ఎప్పుడో దాటిపోయాయి. జాగ్రత్త పడాల్సింది వేరే చోట. సినిమాల్లో, టీవీ సీరియళ్లలో కొత్తగా కలిపిన సీన్లు ఆస్టిన్‌వి కావు, అవి తీసినవాళ్లవి. తెలుగు అనువాదం చూసి రాస్తుంటే ఆ వాక్యాలు అనువాదకులవి. మూలం దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: చివరికి ఆమె అక్కడే ఉండిపోయి కల్నల్‌ని పెళ్లి చేసుకోవాలని నా పాఠకులు పట్టుబడుతున్నారు. నాకు ఆమెని వెనక్కి తీసుకురావాలని ఉంది. ఎవరి మాట వినాలి? (విశాఖపట్నం)

జవాబు: మీ హీరోయిన్ మాట వినండి. అయితే ఆమె నిర్ణయం తీసుకునే ముందు అక్కడి పెళ్లి అంటే ఏమిటో ఆమెకి మొత్తం తెలియాలి, పాఠకులకీ తెలియాలి.

1753లో చేసిన చట్టం ప్రకారం పెళ్లి చర్చిలోనే జరగాలి. మూడు ఆదివారాలు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడగాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. మీ అమ్మాయిది ఏ ఊరని చదువుతారు? తండ్రి ఎవరు? ఆమె ఏ మతం? ఇవి దాటేసి పూలగుత్తి పట్టించి నిలబెట్టకండి. పెళ్లయ్యాక ఆమె సంపాదన, ఆమె వస్తువులు చట్టం దృష్టిలో భర్తవి. ఆ పద్ధతిని కొంత సడలించింది 1870 చట్టం, ఆడవాళ్ల ఆస్తి ఆడవాళ్లదేనని గట్టిగా చెప్పింది 1882ది. సొంత బ్యాంకు ఖాతా, సొంత ఫోను, నెలనెలా జీతం ఉన్న అమ్మాయి ఇది. కాన్పులంటే ఇంకా భయం. ఆస్టిన్ వదినగారు ఎలిజబెత్, ఎడ్వర్డ్ భార్య, 1808లో పదకొండో కాన్పు తర్వాత పోయింది. 1817లో యువరాణి షార్లెట్ కూడా కాన్పులోనే పోయింది, రాజుగారి ఇంట్లో డాక్టర్లకి కొదవా?

కల్నల్ వైపు నుంచీ చూడాలి. అతనికి డబ్బున్న పిల్ల కావాలి, ఆ సంగతి అతనే చెప్పాడు. ఆ రోజుల్లో సైన్యంలో చాలా పదవులు కొనుక్కోవాల్సిందే, 1871 దాకా ఆ పద్ధతి సాగింది. సర్దుకుపోవడానికి అతను ఏం వదులుకుంటాడు? వెల్లింగ్టన్ కూడా ఎర్ల్ గారి చిన్నకొడుకే, డబ్బు లేదని మొదట పిల్లని ఇవ్వం పొమ్మన్నారు, మన దేశం వచ్చి శ్రీరంగపట్నంలో, అస్సాయేలో పేరు, డబ్బు సంపాదించుకుని తిరిగెళ్లాక పెళ్లి చేశారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి పోయిందో మన అమ్మాయికి తెలుసు. రేపు ఈ కల్నల్ కూడా మనం పెళ్లి చేసుకోవాలంటే నేను ఇండియా వెళ్లి సంపాదించుకొస్తాను అన్నాడనుకోండి, ప్రేమతోనే అన్నాడనుకోండి, ఆమె ఏమంటుంది? ఈ ప్రశ్నకి మీ దగ్గర జవాబుంటే ముగింపు దానంతటదే వస్తుంది. నేనైతే ఈ మాట దాటకుండా ఇద్దరినీ కలపను, విడదీయను కూడా.

ఒకటి మాత్రం చేయకండి. కల్నల్‌ని మన కాలానికి తెచ్చి కాఫీ షాపులో కూర్చోబెట్టి, అతని తెల్లమొహం చూసి నవ్వించకండి. అలా రాసినవి ఈ నెలలోనే మూడు వచ్చాయి. నవలలో అతనికి దక్కిన చోటే తక్కువ, అందులో అతని మర్యాదే అతని ఆస్తి. దాన్ని తీసేస్తే ఇంకేం మిగలదు.

ప్రశ్న: నేను పెద్దదాన్ని, కథలు రాయను, చదువుతానంతే. ఆ గంట తర్వాత ఎలిజబెత్, కల్నల్ మళ్లీ ఎప్పుడైనా కలిశారా? (తెనాలి)

జవాబు: నవలలో ఆ సీన్ లేదండి. మర్నాడు పొద్దున అతను డార్సీతో పాటు రోజింగ్స్ నుంచి వెళ్లిపోతాడు. ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ ఒక్కతే అతన్ని కాస్త లెక్కలోకి తీసుకుంది. ఇద్దరిలో మంచివాడు కల్నలే, ఎలిజబెత్ అంటే ఇష్టం కూడా ఉంది అనుకుంది, కానీ చర్చిలో ఉద్యోగాలు ఇప్పించే పలుకుబడి డార్సీకి ఉంది, ఇతనికి లేదు అని పాదిరీ అయిన తన భర్త తరఫున తూకం వేసుకుంది. అతనికి పెళ్లయిందో లేదో కూడా పుస్తకం చెప్పదు.

కానీ మీరడిగాక ఒక సంగతి తోచింది. డార్సీ చెల్లెలు జార్జియానాకి అన్నగారితో పాటు ఇతను కూడా సంరక్షకుడు. ఆ పిల్ల ఉండేది డార్సీ ఇల్లు పెంబర్లీలో. చివరికి డార్సీని పెళ్లాడి ఎలిజబెత్ వచ్చేదీ ఆ ఇంటికే. పిల్లని చూడడానికి అతను రావాలి, ఆ ఇంటి తలుపు దగ్గర ఎదురొచ్చి కూర్చోమనేది ఇక నుంచి ఎలిజబెత్తే. ఈసారి ఆమె ఇంట్లోనే ఉంటుంది.

విజయవాడ అమ్మాయీ, ఇది నీకు.